అమెరికాలోని గ్రినెల్ కళాశాలలో చదివిన ప్రముఖులు, క్రీడాకారులు, బోధించిన అధ్యాపకులు ఎవరు? ఆ పేర్లు చూసి అమ్మాయిని పంపవచ్చా?

ఖమ్మం నుంచి ఒక తండ్రిగారు ఈ ప్రశ్న అడిగారు. ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన వారి అమ్మాయికి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉన్న గ్రినెల్ కళాశాలలో సీటు వచ్చింది, ఫీజులో రాయితీ కూడా ఇచ్చారు. ఆ అమ్మాయికి భౌతికశాస్త్రం చదవాలని ఉంది, రచన వదులుకోవడం ఇష్టం లేదు, జిల్లా స్థాయిలో 400 మీటర్లు పరిగెత్తిన కాళ్ళకు అక్కడ కూడా పని ఉంటుందా అని అడుగుతున్నది. బంధువులు మాత్రం ‘ఆ కాలేజీ పేరు ఎవరూ వినలేదు, అక్కడ చదివి పైకి వచ్చినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?’ అంటున్నారు.

సూటిగా చెబుతాను. ఉన్నారు, ఆ కళాశాల పరిమాణానికి ఆశ్చర్యం కలిగించేంత మంది ఉన్నారు. మీకు ఆర్థికంగా వీలవుతుంటే నిశ్చింతగా పంపవచ్చు. అయితే ప్రముఖుల జాబితాను పేర్ల సంఖ్య కోసం కాకుండా, ఒక్కొక్క పేరు వెనుక ఏ గురువు ఉన్నాడో, ఏ సహాధ్యాయి ఉన్నాడో చూస్తూ చదవండి. పెద్ద విశ్వవిద్యాలయంలో లక్షల మంది చదువుతారు కనుక వారిలో కొందరు గొప్పవారు కావడం సహజం. సుమారు 1,700 మంది విద్యార్థులున్న చిన్న చోట ఒక గొప్ప పేరు వచ్చిందంటే, అది ఎలా వచ్చిందో చాలాసార్లు మనిషి పేరుతో సహా చెప్పగలుగుతాము.

నేను 26 సంవత్సరాలు విజయవాడలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించాను. పదవీ విరమణ తరువాత, బీఏ, బీఎస్సీ స్థాయిలోనే విదేశాలకు వెళ్ళాలనుకునే పిల్లలకు దరఖాస్తులలో సాయం చేస్తున్నాను. ఇటువంటి చిన్న కళాశాలలకు వెళ్ళిన పిల్లలను దగ్గరగా చూశాను కనుక ఈ సమాధానం కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

ముందు ఆ ఊరి సంగతి. 1846లో అయోవా కాలేజ్ అనే పేరుతో డావెన్‌పోర్ట్ పట్టణంలో మొదలైన ఈ కళాశాల, తరువాత జొసయా గ్రినెల్ అనే బానిసత్వ వ్యతిరేకి స్థాపించిన ఊరికి మారింది. బానిసత్వంపై సాయుధంగా తిరగబడిన జాన్ బ్రౌన్, తాను విడిపించిన మనుషులను వెంటబెట్టుకొని 1859లో ఆయన ఇంటనే బస చేశాడు. 1879లోనే హానిబాల్ కెర్షా అనే నల్లజాతి యువకుడు అక్కడ పట్టా పుచ్చుకున్నాడు. 1882లో వచ్చిన సుడిగాలికి కళాశాల భవనాలు నేలమట్టమైతే మళ్ళీ కట్టుకున్నారు. ఇప్పటికీ చుట్టూ మొక్కజొన్న, సోయా చేలే. ఊరి జనాభా పది వేలకు లోపే.

ఇక మీ అమ్మాయి చదవబోయే భౌతికశాస్త్రానికి వస్తాను. జాబితాలో అన్నిటికంటె నాకు ముఖ్యమైన పేరు రాబర్ట్ నాయిస్. ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ వ్యవస్థాపకులలో ఒకరు, 1968లో ఇంటెల్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరు, ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను, అంటే నేటి కంప్యూటర్ చిప్‌ను, జాక్ కిల్బీ ఒకవైపు, ఈయన ఒకవైపు విడివిడిగా కనిపెట్టారు. ఆయన పెరిగింది గ్రినెల్ ఊళ్ళోనే. గ్రాంట్ గేల్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆ కుర్రవాడి తెలివిని గుర్తించి, హైస్కూలులో ఉండగానే తన కళాశాల తరగతిలో కూర్చోబెట్టుకున్నాడు.

1948 వసంతంలో హాస్టల్ కుర్రవాళ్ళు ఒక విందు చేసుకోవాలనుకున్నారు. పందిపిల్లను తెచ్చే పని నాయిస్‌కూ, ఇంకొక కుర్రవాడికీ అప్పగించారు. ఇద్దరూ రాత్రివేళ పక్కనున్న పొలంలోకి వెళ్ళి ఒక పందిపిల్లను ఎత్తుకొచ్చారు. మరునాడు తప్పు తెలిసివచ్చి, వెల చెల్లిస్తామని స్వయంగా వెళ్ళి ఒప్పుకున్నారు. ఆ పొలం ఊరి మేయర్‌ది. వ్యవసాయ రాష్ట్రమైన అయోవాలో పశువును దొంగిలించడం జైలుశిక్ష పడే నేరం. నాయిస్ చదువు అక్కడితో ముగిసిపోవలసిందే. గేల్, కళాశాల అధ్యక్షుడు కలిసి మాట్లాడి దానిని ఒక సెమిస్టర్ బహిష్కరణ వరకు తగ్గించారు. నాయిస్ ఆ కొన్ని నెలలు న్యూయార్క్‌లో ఒక బీమా కంపెనీలో లెక్కలు చేసి, 1949 ఆరంభంలో తిరిగి వచ్చాడు.

ఆయన తిరిగి వచ్చేనాటికి ట్రాన్సిస్టర్ ఆవిష్కరణ సంగతి లోకానికి వెల్లడై కొన్ని నెలలే అయింది. దానిని కనిపెట్టినవారిలో ఒకరైన జాన్ బార్డీన్‌తో గేల్‌కు పాత పరిచయం ఉంది. ఆ ఆవిష్కరణ జరిగిన పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌కు అధ్యక్షుడైన ఆలివర్ బక్లీ గ్రినెల్ పూర్వ విద్యార్థి. ఈ పరిచయాల ఆధారంగా గేల్ ట్రాన్సిస్టర్ గురించిన సమాచారాన్ని తెప్పించుకొని శిష్యులతో కలిసి కూర్చొని చదివాడు. చాలా విశ్వవిద్యాలయాలలో ఇంకా వాక్యూమ్ ట్యూబుల పాఠమే నడుస్తున్న రోజులవి. ఆ సంవత్సరమే పట్టా తీసుకున్న నాయిస్ ఎంఐటీలో 1953లో డాక్టరేట్ పొందాడు.

నా తరగతిలో ట్రాన్సిస్టర్ పాఠం మొదలుపెట్టిన ప్రతి సంవత్సరం ఈ కథ చెప్పేవాడిని. మా ప్రయోగశాలలో ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ బిగించిన చెక్క బల్ల ఒకటి ఉండేది. మూడు కాళ్ళకు మూడు రంగుల తీగలు, మిల్లీ అమ్మీటర్ ముల్లు ఎప్పుడూ సున్నాకు కొంచెం ఎడమ పక్కనే ఆగేది. ఆ బల్ల చుట్టూ ఒక్కొక్క బ్యాచ్‌లో ఎనిమిది మంది నిలబడితే, తీగను చేతితో పట్టుకునే అవకాశం ఇద్దరికి దొరికేది. నేను పిల్లల పేర్లు నేర్చుకునేలోపు సంవత్సరం అయిపోయేది. తప్పు చేసిన కుర్రవాడి కోసం అధ్యక్షుడి గదికి వెళ్ళి వాదించాలంటే, గురువుకు ముందు ఆ కుర్రవాడు తెలిసి ఉండాలి కదా. చిన్న కళాశాలకు ఇచ్చే ఫీజులో మీరు కొనుక్కుంటున్నది ప్రధానంగా ఆ పరిచయాన్నే.

నాయిస్ ఆ ఋణం మరచిపోలేదు. కళాశాల ట్రస్టీగా కూడా ఉన్నారు. ఇంటెల్ మొదలుపెట్టినప్పుడు, 1925లో పట్టా పొందిన జోసెఫ్ రోజెన్‌ఫీల్డ్ అనే మరొక ట్రస్టీ చొరవతో గ్రినెల్ ఆ కొత్త కంపెనీలో 3 లక్షల డాలర్ల పెట్టుబడి పెట్టగలిగింది. వారన్ బఫెట్ కూడా రోజెన్‌ఫీల్డ్ స్నేహం వల్లనే అక్కడ ట్రస్టీ అయ్యారు. ఇంత చిన్న కళాశాల ధర్మనిధి అంత పెద్దదిగా ఎదగడానికి పునాది ఈ పూర్వ విద్యార్థులే వేశారు. మీ అమ్మాయికి ఇచ్చిన వంటి రాయితీలు ఇవ్వగలిగే స్తోమత అటువంటి నిధి నుంచే వస్తుంది.

రెండవ పేరు థామస్ చెక్. 1970లో గ్రినెల్‌లో పట్టా పొందారు, 1989లో సిడ్నీ ఆల్ట్‌మన్‌తో కలిసి రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. జీవకణంలో రసాయన చర్యలను వేగవంతం చేసే పని ప్రొటీన్లదేనని అప్పటివరకు అందరూ నమ్మేవారు. మంచినీటి చెరువులలో ఉండే ఒక ఏకకణ జీవిని పరిశీలిస్తూ, ఆర్‌ఎన్‌ఏ కూడా ఆ పని చేయగలదని ఆయన నిరూపించారు. మీ అమ్మాయి విషయంలో గమనించదగ్గది ఇంకొకటి ఉంది. గ్రినెల్‌లో తనకు రసాయనశాస్త్రం ఎంత ఆనందాన్నిచ్చిందో హోమర్, డాంటే కావ్యాలు, రాజ్యాంగ చరిత్ర కూడా అంతే ఆనందాన్నిచ్చాయని ఆయన తన ఆత్మకథనంలో వ్రాసుకున్నారు. సైన్సు చదువుతూ రచన వదులుకోనంటున్న అమ్మాయికి ఇంతకంటె మంచి సాక్ష్యం నేను చూపలేను. చిన్న కళాశాలల విద్యార్థులలో సైన్సు డాక్టరేట్ వరకు వెళ్ళేవారి నిష్పత్తి పెద్ద సంస్థలతో పోల్చినా ఎక్కువేనని 1999లో ఆయనే ఒక వ్యాసంలో వాదించారు.

సంగీతకారుడు హెర్బీ హ్యాన్‌కాక్ కూడా ఇదే కోవలోకి వస్తారు. పదకొండేళ్ళ వయసులో షికాగో సింఫనీతో కలిసి పియానో వాయించిన బాలుడు 1956లో గ్రినెల్‌కు ఇంజనీరింగ్ చదువుదామని వచ్చి, మనసు మార్చుకొని సంగీతంలోకి మళ్ళాడు. తరువాత జాజ్‌లోకి సింథసైజర్లను అంత ధైర్యంగా తెచ్చినవారిలో ఆయన ముందు వరుసలో ఉన్నారంటే, ఆ రెండు చదువులూ ఆయనలో కలిసే ఉన్నాయనుకుంటాను. 2008లో ఆయన ఆల్బమ్‌కు ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్ గ్రామీ వచ్చింది.

ఇప్పుడు మీ బంధువులకు చెప్పవలసిన పేరు: పాల్ ఆపిల్‌బీ. గ్రూప్-1కో, సివిల్స్‌కో చదివినవారు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ పేరు వినగానే తల ఊపుతారు. 1953లో భారతదేశ పరిపాలనా వ్యవస్థను పరిశీలించి నివేదిక ఇచ్చినది ఆయనే. ఆ సిఫారసుల ఫలితంగానే 1954లో ఢిల్లీలో భారత ప్రజాపరిపాలన సంస్థ ఏర్పడింది. 1956లో ప్రభుత్వ రంగ సంస్థల పాలన గురించి రెండవ నివేదిక ఇచ్చారు. మన దగ్గర పోటీ పరీక్షల అభ్యర్థులు ‘ఆపిల్‌బీ నివేదిక – 1953’ అని కంఠస్థం చేస్తారు, ఆయన 1913లో గ్రినెల్‌లో పట్టా పుచ్చుకున్నారన్న సంగతి ఎవరూ చెప్పరు. ‘పేరు ఎవరూ వినలేదు’ అన్న మాటకు ఇది చాలినంత జవాబు.

ఆయన ఒంటరిగా అక్కడికి చేరుకోలేదు. ఆ నాలుగైదు సంవత్సరాలలో గ్రినెల్ నుంచి వచ్చినవారే 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా ప్రభుత్వానికి చేతులూ కాళ్ళూ అయ్యారు. 1912 తరగతికి చెందిన హ్యారీ హాప్‌కిన్స్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు కుడిభుజం. నిరుద్యోగులకు పని కల్పించే డబ్ల్యూపీఏ పథకాన్ని నడిపించారు, యుద్ధకాలంలో చర్చిల్ దగ్గరకూ స్టాలిన్ దగ్గరకూ రాయబారిగా వెళ్ళారు. ఆయన చితాభస్మం చివరికి గ్రినెల్ శ్మశానంలోనే చేరింది. పనిలేని నటులకు, నాటకకర్తలకు జీతాలిచ్చి దేశమంతటా నాటకాలాడించిన ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టును 1935 నుంచి 1939 వరకు నడిపినది 1911 తరగతికి చెందిన హాలీ ఫ్లానగన్. ఆమె హాప్‌కిన్స్‌తో పాటే ఆ ఊరిలో పెరిగారు, ఆమెను పిలిచి ఆ బాధ్యత అప్పగించినది హాప్‌కిన్సే.

అంతమంది ఒకేసారి ప్రజాసేవ వైపు ఎందుకు మళ్ళారని వెతికితే మళ్ళీ ఒక అధ్యాపకుడే కనిపిస్తాడు. ఎడ్వర్డ్ స్టైనర్ ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో యూదు కుటుంబంలో పుట్టి, వలస వచ్చి, కూలిపనులు చేసి, తరువాత పాదిరి అయి, 1903లో గ్రినెల్‌లో ఆచార్యుడిగా చేరారు. పేదల జీవితాన్ని పుస్తకంలో కాదు, వారి మధ్యకు వెళ్ళి చూడాలని చెప్పిన ఆ గురువు పాఠం విన్న హాప్‌కిన్స్, పట్టా చేతికి రాగానే న్యూయార్క్ ఈస్ట్ సైడ్ మురికివాడలో ఒక సేవాసంస్థలో ఉద్యోగానికి వెళ్ళారు.

మిగిలిన పేర్లు త్వరగా చెబుతాను. 1954లో టెలివిజన్‌లో దేశమంతా చూస్తుండగా, ఎందరిమీదనో కమ్యూనిస్టులన్న ముద్ర వేసిన సెనేటర్ మెకార్తీని ‘మీకు కనీస మర్యాద మిగల్లేదా’ అని నిలదీసిన న్యాయవాది జోసెఫ్ వెల్చ్ ఇక్కడివారే. జపాన్ కార్మికోద్యమ నేత సెన్ కతయామా 1892లో ఇక్కడ పట్టా పొందారు. 1904లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన సోషలిస్టు మహాసభలో ఆయన పాల్గొన్నారు, మన దాదాభాయ్ నౌరోజీ ప్రసంగించినది కూడా ఆ సభలోనే. దక్షిణ సూడాన్ ఉద్యమాన్ని నడిపి, 2005లో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన జాన్ గరాంగ్ 1969లో ఇక్కడ అర్థశాస్త్రంలో పట్టా తీసుకున్నారు. నల్లజాతి మహిళలలో ఇక్కడ మొదటి పట్టభద్రురాలు ఆ ఊరి బిడ్డే అయిన ఈడిత్ రెన్‌ఫ్రో, 1937లో.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఇటువంటి జాబితాలలో హాలీవుడ్ నటుడు గ్యారీ కూపర్ పేరు కూడా కనిపిస్తుంది. ఆయన 1920లలో రెండేళ్ళు గ్రినెల్‌లో ఉన్నారు, పట్టా తీసుకోకుండా వెళ్ళిపోయారు. చాలా కాలం క్రితం నేను ఒక తల్లిగారికి ఆయన అక్కడి పట్టభద్రుడని పొరపాటుగా చెప్పాను. ఆమె స్వయంగా పరిశీలించి, ‘మాస్టారూ, ఇది తప్పైతే మిగతావి ఎలా నమ్మాలి?’ అని అడిగారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. మన తెలుగులో ‘అక్కడ చదివాడు’ అంటే రెండేళ్ళుండి వెళ్ళినవాడూ, పట్టా పుచ్చుకున్నవాడూ ఒకటే అయిపోతారు. అందుచేత ఏ కళాశాల జాబితానైనా ‘పట్టా పొందినవారు’, ‘కొంతకాలం చదివినవారు’ అని రెండుగా విడదీసి చూడండి. ఆనాటి నుంచి ఆ రెండు నిలువు వరుసలు గీయకుండా నేను ఎవరికీ ఏ జాబితా ఇవ్వలేదు.

క్రీడల విషయం. మీ అమ్మాయి 400 మీటర్ల రన్నర్ అన్నారు కనుక మోర్గన్ టేలర్ గురించి తప్పక చెప్పండి. గ్రినెల్ విద్యార్థిగా ఉండగానే 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచాడు. ఫైనల్‌లో ఆయన సమయం 52.6 సెకన్లు, అంతకుముందెవరూ అంత వేగంగా పరిగెత్తలేదు. కానీ పరుగులో ఒక హర్డిల్ కూలింది. అప్పటి నిబంధనల ప్రకారం హర్డిల్ పడితే రికార్డు చెల్లదు. స్వర్ణం ఆయనకు, ఒలింపిక్ రికార్డు మాత్రం 53.8 సెకన్లతో రెండవ స్థానంలో వచ్చిన ఫిన్లాండ్ క్రీడాకారుడికి దక్కాయి. టేలర్ 1928లోనూ, 1932లోనూ కాంస్యాలు గెలిచాడు, 1932 లాస్ ఏంజిలెస్ ప్రారంభోత్సవంలో అమెరికా జెండా మోసినది ఆయనే.

ఇటీవలి పేరు బాస్కెట్‌బాల్ ఆటగాడు జాక్ టేలర్. 2012 నవంబరు 20న ఒకే ఆటలో 138 పాయింట్లు చేశాడు. 36 నిమిషాలలో 108 సార్లు బుట్టకు గురిపెడితే 52 పడ్డాయి. గ్రినెల్ 179–104తో గెలిచింది. అవతలి జట్టులో కూడా ఒక్కడే 70 పాయింట్లు చేశాడని గుర్తుంచుకుంటే, ఆ ఆట ఏ తీరున సాగిందో తెలుస్తుంది. 1989లో వచ్చిన కోచ్ డేవిడ్ ఆర్సెనో, వరుసగా ఓడిపోతున్న జట్టులో ప్రతి కుర్రవాడికీ ఆడే అవకాశం రావాలని, ఐదుగురిని ఒకేసారి నిమిషానికొకసారి మార్చుతూ, విరామం లేకుండా బంతి విసిరే పద్ధతిని తయారుచేశారు. ఆ 138 కంటె, బెంచి మీద కూర్చొని ఇంటికి వెళ్ళే ఆటగాడు ఉండకూడదన్న ఆ ఆలోచనకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మీరు స్పష్టంగా తెలుసుకోవలసినది ఒకటుంది: గ్రినెల్ ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాలల క్రీడా సంఘం) మూడవ డివిజన్‌లో ఆడుతుంది, ఆ డివిజన్‌లో క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వకూడదు. మీకు వచ్చిన రాయితీకి పరుగుతో సంబంధం లేదు, గాయమై పరుగు ఆపినా అది పోదు. నాయిస్ కూడా కళాశాల జట్టులో డైవింగ్ చేసినవాడే. చదువు, ఆట ఒకే మనిషిలో ఉండడం అక్కడ మామూలు సంగతి.

పరిమితులు కూడా చెప్పాలి. గ్రినెల్‌లో బీటెక్ వంటి ఇంజనీరింగ్ పట్టా లేదు. అమ్మాయికి మధ్యలో ఇంజనీరింగ్ మీదకు మనసు పోతే, వేరే విశ్వవిద్యాలయంతో కలిపి చేసే ఐదేళ్ళ మార్గం చూసుకోవాలి. లేకపోతే భౌతికశాస్త్రం పూర్తిచేసి ఎంఎస్‌కు వెళ్ళాలి. చలికాలం తీవ్రంగా ఉంటుంది. తెలుగువాళ్ళు వీధికొకరు కనిపించే ఊరు కాదు.

ఇంతకీ గేల్, స్టైనర్‌ల వంటి గురువు ఈనాడు దొరుకుతాడా అన్నది అసలు ప్రశ్న. ప్రతి విద్యార్థీ తప్పనిసరిగా చేయవలసిన కోర్సు గ్రినెల్‌లో ఒకటే: మొదటి సెమిస్టర్‌లో ట్యుటోరియల్. పది పన్నెండు మంది పిల్లలు, ఒక ఆచార్యుడు, ఒక అంశం, దాని మీద చదవడం, వ్రాయడం, మాట్లాడడం. ఆ ఆచార్యుడే తరువాత కోర్సుల ఎంపికలో మార్గదర్శి. ఇదే తరహాలో ఉండే మరొక చిన్న కళాశాలకు నా విద్యార్థిని ఒకరు వెళ్ళారు. మొదటి సెలవులకు వచ్చినప్పుడు తన వ్యాసం ప్రతులు నాలుగు తెచ్చి నా ముందు పెట్టింది. ఐదు పేజీల వ్యాసమే, నాలుగుసార్లు తిరగరాయించారు. మొదటి ప్రతిలో అంచుల నిండా ఆకుపచ్చ సిరా. రెండవదానిలో సగం. నాలుగవదానిలో ఒక్క వాక్యం పక్కన మాత్రం చిన్న గీత గీసి, ‘ఇది నీ మాట’ అని వ్రాసి ఉంది. ఇంటర్‌లో వెయ్యికి దగ్గరగా మార్కులు తెచ్చుకున్న ఆ అమ్మాయి, తన వ్రాతను ఒకరు నాలుగుసార్లు పూర్తిగా చదవడం జీవితంలో అదే మొదటిసారి అని చెప్పింది.

కనుక ఇప్పుడు చేయవలసిన పని ఇది. అమ్మాయి చేతనే భౌతికశాస్త్ర విభాగానికి ఒక ఈమెయిల్ వ్రాయించండి. నిరుడు ఆ విభాగంలో పట్టా పొందినవారు ఎందరు, వారిలో ఎంతమంది ఆచార్యులతో కలిసి వేసవి పరిశోధన చేశారు, వారు ఇప్పుడెక్కడున్నారు అని అడగమనండి. ట్రాక్ కోచ్‌కు తన 400 మీటర్ల సమయం వేరుగా పంపమనండి. ఎవరు ఎన్ని రోజులలో జవాబిచ్చారో, జవాబు అచ్చు వేసినట్టుగా ఉందో, అమ్మాయి వ్రాసినదాన్ని చదివి ఇచ్చినట్టుగా ఉందో చూడండి. ఆ జవాబులు ఇక్కడ పెడితే నేను కూడా చదివి, అంగీకార పత్రం గడువులోపలే నా అభిప్రాయం చెబుతాను.